మందు ఆగకూడదు

 హోసూరు, బాగలూరు, బేరికె, శూలగిరి, వేపనపల్లి, కృష్ణగిరి ప్రాంతాల్లో ఈ మాటలు వింటున్న అమ్మలారా, అయ్యలారా, అక్కలారా, అన్నలారా, మీ ఇంట్లో షుగరు ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళనూ రేడియో దగ్గరికి పిలవండి. ఈ నాలుగు మాటలూ వాళ్ళ కోసం. వాళ్ళకు వండిపెట్టే వాళ్ళ కోసం. వాళ్ళ మాత్రలు తెచ్చిపెట్టే కొడుకులు, కూతుళ్ళ కోసం.

మహమ్మారి లాంటి రోగం లోకం మీద పడ్డప్పుడు షుగరు ఉన్నవాళ్ళు తమను తాము ఎలా కాచుకోవాలి? ఈ రోజు మనం మాట్లాడుకునేది ఇదే. కరోనా పోయింది కదా, ఇప్పుడెందుకీ మాట అని మీకు అనిపించవచ్చు. నిజమే, 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. కానీ ఆ క్రిమి మన మధ్య నుంచి పోలేదు. ఫ్లూ జ్వరాలు ఏటా వస్తున్నాయి. డెంగీ వస్తోంది. రేపు ఇంకే పేరుతో ఏ రోగం వస్తుందో మన చేతుల్లో లేదు. మన చేతుల్లో ఉన్నది ముందు జాగ్రత్త ఒక్కటే. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఈ ప్రసంగంలో మీరు గుర్తుపెట్టుకోవలసినవి మూడే మూడు మాటలు. కాగితం అక్కర్లేదు. మనసులో రాసుకోండి. ఒకటి, మందు ఆపొద్దు. రెండు, కొలత మానొద్దు. మూడు, కబురు ఆలస్యం చెయ్యొద్దు. మళ్ళీ చెబుతాను. మందు ఆపొద్దు. కొలత మానొద్దు. కబురు ఆలస్యం చెయ్యొద్దు.

ఈ మూడు మాటలు ఎందుకు అంత ముఖ్యమో తెలియాలంటే ఒకసారి 2020వ సంవత్సరం ఎండాకాలానికి వెళ్ళి రావాలి. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. బస్సులు నిలిచిపోయాయి. అంగళ్ళు మూతపడ్డాయి. ఏప్రిల్ నెలాఖరులో కేంద్ర ఆరోగ్య శాఖ దేశంలోని జిల్లాలను ఎరుపు, నారింజ, పచ్చ మండలాలుగా విడదీసింది. తమిళనాడు మొత్తం మీద పచ్చ మండలంగా మిగిలింది ఒకే ఒక్క జిల్లా. అది మన కృష్ణగిరి. అంతవరకు మన జిల్లాలో కరోనా లేదు. మే నెల మొదటి వారంలో ఆ పచ్చరంగు పోయింది, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక విషయం ఆలోచించండి. మన ఊళ్ళోకి క్రిమి రాకముందే మన దారులు మూసుకుపోయాయి. జూజువాడి దాటితే అత్తిబెలె. తమిళనాడు అయిపోయి కర్ణాటక మొదలవుతుంది. మామూలు రోజుల్లో ఆ ఎల్ల ఎప్పుడు దాటామో కూడా మనకు తెలియదు. హోసూరు నుంచి బెంగళూరుకు నలభై కిలోమీటర్లు. పొద్దున పోయి డాక్టరుకు చూపించుకుని, మందులు కొనుక్కుని, మధ్యాహ్నం సంగటి వేళకు ఇంటికి వచ్చేవాళ్ళు ఎందరో. అలాంటి దారికి అడ్డంగా కంచె పడింది. జిల్లా దాటాలన్నా, రాష్ట్రం దాటాలన్నా ఇ-పాస్ కావాలి. పల్లెలో ఉన్న అవ్వకు, తాతకు ఆ పాస్ ఎవరు తీసిస్తారు?

షుగరు ఉన్న మనిషికి అసలు ముప్పు అక్కడే మొదలయింది. ఆయనకు కరోనా సోకలేదు. కానీ మాత్రలు అయిపోయాయి. సూదిమందు సీసా అడుగంటింది. అంగడికి పోతే ఆ కంపెనీ మందు లేదన్నారు. ఆస్పత్రికి పోదామంటే భయం, అక్కడే రోగం అంటుకుంటుందేమోనని. పది రోజులు ఆగుదాం, ఇరవై రోజులు ఆగుదాం అనుకుంటూ రోజులు నెట్టుకొచ్చారు. లోపల రక్తంలో చక్కెర మాత్రం పెరుగుతూనే ఉంది. అలా పెరిగిన చక్కెరతో ఉన్న శరీరం మీద తరువాత కరోనా వచ్చి పడింది.

షుగరు ఉన్నంత మాత్రాన కరోనా పట్టుకుంటుందని కాదు. పట్టుకున్నప్పుడు ముదిరే ప్రమాదం ఎక్కువ. చక్కెర చాలాకాలం అదుపు తప్పి ఉంటే, రోగంతో పోరాడే తెల్ల రక్తకణాల బలం తగ్గుతుంది. అదొక వైపు. ఇంకో వైపు, ఏ జ్వరం వచ్చినా శరీరం కొన్ని హార్మోన్లను వదులుతుంది. అవి చక్కెరను ఇంకా పెంచుతాయి. మనిషి ఏమీ తినకపోయినా పెరుగుతుంది. ఈ మాట చాలామందికి వింతగా ఉంటుంది. కడుపులో మెతుకు లేకపోతే చక్కెర ఎక్కడి నుంచి వస్తుంది అని అడుగుతారు. మన కాలేయం తన దగ్గర దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది. అక్కడి నుంచి వస్తుంది. అంటే జ్వరం చక్కెరను పెంచుతుంది, చక్కెర జ్వరాన్ని ముదరబెడుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. మధ్యలో నలిగేది మనిషి.

అందుకే మొదటి మాట. మందు ఆపొద్దు.

ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు ఇది చెవిన పెట్టుకోండి. జ్వరం వచ్చి అన్నం సయించకపోతే, తినలేదు కదా, సూది ఎందుకులే అనుకుంటారు. అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. ముఖ్యంగా చిన్నతనం నుంచి ఇన్సులిన్ మీద ఉన్న పిల్లలకు, టైప్ 1 అంటారే, వాళ్ళకు సూది ఒక్క రోజు పూర్తిగా ఆపినా రక్తం ఆమ్లంగా మారిపోతుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. ఎంత వేసుకోవాలి అన్నది మారవచ్చు. అది డాక్టరును అడిగి మార్చుకోవాలి. పూర్తిగా మానెయ్యడం మాత్రం వద్దు.

మాత్రలు వేసుకునేవాళ్ళకు ఇంకో మాట. వాంతులు, విరేచనాలు ఆగకుండా అవుతూ ఒంట్లో నీరు తగ్గిపోతుంటే, మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలను కొద్దిరోజులు ఆపమని డాక్టరే చెప్పవచ్చు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని ఏమీ తినకపోతే చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు. కాబట్టి జ్వరం వచ్చిన మొదటి రోజే డాక్టరుకు ఫోను చేసి, ఏ మాత్ర ఉంచాలి, ఏది ఆపాలి అని అడగండి. ఆపమనే మాట డాక్టరు నోటి నుంచి రావాలి. పక్కింటివాళ్ళ నోటి నుంచి కాదు, ఫోనులో తిరిగే వీడియో నుంచి కాదు.

కరోనా రోజుల్లో తమిళనాడు అంతటా కబసుర కుడినీర్ పంచిపెట్టారు. మన ఊళ్ళల్లోనూ ఇంటింటా కాచుకుని తాగారు. కషాయం తాగాలా వద్దా అన్నది నేను ఇక్కడ చర్చించడం లేదు. రెండు మాటలే చెబుతాను. చేదుగా ఉందని అందులో బెల్లమో, తేనెయో కలిపితే అదీ చక్కెరే. ఇంకొకటి, ఏ కషాయమూ మీ షుగరు మాత్రకు బదులు కాదు. మీ ఇన్సులిన్‌కు అసలే కాదు.

మరి మందు ఆగకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి? మాత్రల డబ్బా అడుగు కనిపించేదాకా ఆగకండి. పదిహేను రోజుల మాత్రలు మిగిలి ఉండగానే తరువాతి నెలవి తెచ్చుకోండి. ఆ పదిహేను రోజుల మందే, దారులు మూతపడ్డనాడు మిమ్మల్ని కాస్తుంది. తెచ్చిన కొత్తవి వెనక పెట్టండి, పాతవి ముందు వాడండి. అట్ట మీద గడువు తేదీ చూసుకోండి.

మందు చీటీ సంగతి కూడా చెప్పాలి. మన ప్రాంతంలో ఇంట్లో మాట తెలుగు. ఇక్కడి ఆస్పత్రిలో మాట తమిళం. బెంగళూరు ఆస్పత్రిలో కన్నడం. చీటీ మీద ఉండేది ఇంగ్లీషు. మామూలు రోజుల్లో చదువుకున్న కొడుకో, మనవరాలో చూసి చెబుతారు. వాళ్ళు బెంగళూరులో చిక్కుకుపోయి, అవ్వ ఒక్కతే ఊళ్ళో ఉంటే? అందుకే ఈ రోజే ఒక అట్టముక్క తీసుకోండి. పొద్దున ఏ మాత్ర, రాత్రి ఏ మాత్ర, తినక ముందా, తిన్న తరువాతా, ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు అని పెద్ద అక్షరాలతో రాయండి. అవ్వకు తెలుగు చదవడం వస్తే తెలుగులో, తమిళం వస్తే తమిళంలో రాయండి. చదవడమే రాకపోతే పొద్దుకు సూర్యుడి బొమ్మ, రాత్రికి చంద్రుడి బొమ్మ గీసి, పక్కన ఖాళీ మాత్ర అట్టను అతికించండి. డాక్టరు ఫోను నంబరు, కొడుకు నంబరు అదే అట్ట మీద రాయండి. గోడకు తగిలించండి.

ఇక ఇన్సులిన్ దాచుకోవడం. తెరవని సీసాను ఫ్రిజ్‌లో, తలుపు వైపు అరలో పెట్టుకోవాలి. పైన మంచు గడ్డకట్టే అరలో పెట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. ఫ్రిజ్ లేని ఇల్లా? దిగులు పడకండి. ఒక పెద్ద మట్టికుండ తీసుకోండి. అందులో చిన్న కుండ పెట్టండి. రెండింటి మధ్య సందులో ఇసుక పోసి నీళ్ళతో తడపండి. ఇన్సులిన్ సీసాను మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను లోపలి కుండలో ఉంచండి. పైన తడిగుడ్డ కప్పండి. గాలి ఆడే చోట, నీడలో పెట్టండి. పొద్దునా, సాయంత్రమూ ఇసుక తడపండి. తడి ఆరుతూ ఉంటే లోపల చల్లబడుతుంది. మేనెల ఎండలోనూ మందు చెడకుండా కాపాడుకోవడానికి ఇది ఆసరా అవుతుంది. వాడుతున్న సీసాను సుమారు నాలుగు వారాల్లో ముగించాలి. తెరిచిన తేదీని సీసా మీదే రాసుకోండి.

మందు ఆగకూడదు అన్న ఈ ఆలోచన ప్రభుత్వానికీ వచ్చింది. వచ్చాక అది మొదలయింది మన జిల్లాలోనే. 2021 ఆగస్టు 5న ముఖ్యమంత్రి స్టాలిన్ మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ఒక పథకాన్ని ప్రారంభించారు. దాని పేరు మక్కళై తేడి మరుత్తువం. ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యం అని. అందులో ముఖ్యమైన పని ఇది. షుగరు, బీపీ ఉన్నవాళ్ళ ఇంటి గడప దగ్గరికే మందులు తెచ్చి ఇవ్వడం. తెచ్చేది ఎవరు? స్వయం సహాయక సంఘాల నుంచి వచ్చిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు. మన పక్కవీధి ఆడబిడ్డలే. ఇంటికి వచ్చి బీపీ చూస్తారు, షుగరు చూస్తారు, మందు వేసుకుంటున్నారా లేదా అని అడుగుతారు. మంచం పట్టినవాళ్ళకు నర్సు వస్తుంది. కాలూ చెయ్యీ ఆడనివాళ్ళకు ఫిజియోథెరపీ చేసేవాళ్ళు వస్తారు. సామనపల్లిలో మొదలైన ఆ అడుగు రాష్ట్రమంతా నడిచింది. 2024లో ఐక్యరాజ్యసమితి పురస్కారం కూడా ఆ పథకానికి దక్కింది.

అమ్మా, అయ్యా, మన మట్టి మీద మొదలైన పథకం ఇది. దాన్ని మనం వాడుకోకపోతే ఎవరు వాడుకుంటారు? మీ పేరు ఇంకా రాయించుకోలేదా? మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. పేరు రాయించండి. ఆ ఆరోగ్య కార్యకర్త ఫోను నంబరు తీసుకోండి. ఆమె వచ్చినప్పుడు గుమ్మంలో నిలబెట్టి మాట్లాడి పంపకండి. కూర్చోబెట్టండి. మంచినీళ్ళివ్వండి. కరోనా రోజుల్లో అందరం ఇళ్ళల్లో దాక్కుంటే, ఇలాంటివాళ్ళు మన గడపలు ఎక్కారు.

మొదటి మాట అయింది. మందు ఆపొద్దు. ఇప్పుడు రెండో మాట. కొలత మానొద్దు.

షుగరు ఎంత ఉందో ఒంటిని బట్టి తెలుస్తుందని కొందరు అనుకుంటారు. నాకు బాగానే ఉంది, అంటే షుగరు బాగానే ఉంది అంటారు. అలా తెలియదు. చక్కెర 300 దాటి ఉన్నా నడుస్తూ, మాట్లాడుతూ, పని చేసుకుంటూ ఉండేవాళ్ళు ఉన్నారు. అందుకే కొలవాలి. చాలామందికి పరగడుపున 80 నుంచి 130 మధ్య, తిన్న రెండు గంటలకు 180 లోపల ఉంటే మంచిది. వయసు మీరినవాళ్ళకు డాక్టరు కొంచెం సడలించి చెప్పవచ్చు. జ్వరం వచ్చినప్పుడు మాత్రం నాలుగైదు గంటలకు ఒకసారి చూసుకోవాలి. చూసిన అంకెను, చూసిన వేళను రాసుకోవాలి. డాక్టరుకు ఫోను చేసినప్పుడు ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

ఇంట్లో మిషనుతో చూసుకునేవాళ్ళకు మన కృష్ణగిరి మాట ఒకటి చెప్పాలి. మామిడికాయల జిల్లా మనది. మే, జూన్ వచ్చిందంటే ప్రతి ఇంట్లో మామిడిపండ్ల వాసన. ఒక అమ్మ మనవలకు మామిడిపండు కోసిపెట్టింది అనుకోండి. తాను ముక్క కూడా నోట్లో వేసుకోలేదు. చెయ్యి కొంగుకు తుడుచుకుని వేలు గుచ్చి షుగరు చూసుకుంది. మిషనులో 300 చూపించింది. గుండె జారిపోయింది. భయంతో ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంది. అసలు జరిగిందేమిటి? వేలికి అంటుకున్న పండురసంలోని చక్కెర రక్తపు చుక్కలో కలిసింది. మిషను దాన్నీ కలిపి చూపించింది. ఆమె రక్తంలో అంత చక్కెర లేనే లేదు. లేని చక్కెరకు ఎక్కువ ఇన్సులిన్ పడితే ఏమవుతుంది? స్పృహ తప్పవచ్చు.

కాబట్టి వేలు గుచ్చే ముందు చెయ్యి సబ్బుతో కడుక్కోండి. పొడిగుడ్డతో పూర్తిగా తుడుచుకోండి. కరోనా రోజుల నుంచి మనకు శానిటైజరు అలవాటయింది. అది రాసుకుని, తడి ఆరకముందే గుచ్చినా అంకె తప్పవచ్చు. సబ్బూ నీళ్ళే మేలు. వేలి కొనమీద కాకుండా పక్కన గుచ్చండి, నొప్పి తక్కువ. అంకె మరీ ఎక్కువగానో, మరీ తక్కువగానో ఉండి, ఒంట్లో ఏ తేడా లేకపోతే, చెయ్యి కడుక్కుని ఇంకోసారి చూడండి.

తక్కువ అన్నాను కాబట్టి దాని సంగతీ చెబుతాను. చక్కెర 70 కంటే కిందికి పడిపోతే అది ఆపద. చేతులు వణుకుతాయి. చెమటలు పోస్తాయి. ఆకలి దంచేస్తుంది. మాట తడబడుతుంది. పెద్దవాళ్ళు ఉన్నట్టుండి కోపంగా, వింతగా మాట్లాడవచ్చు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. ఇంకా తక్కువగా ఉంటే మళ్ళీ మూడు చెంచాలు. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకండి. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యండి.

జ్వరం రోజుల్లో తిండి ఎలా? కడుపు మాడ్చుకోకండి. కొద్దికొద్దిగా, మాటిమాటికి తీసుకోండి. పలుచని రాగి అంబలి, ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, ఇడ్లీ ఏది సయిస్తే అది. నీళ్ళు బాగా తాగండి. గుండె జబ్బో, మూత్రపిండాల జబ్బో ఉండి నీళ్ళు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్ళు మాత్రం ఎంత తాగాలో అడిగి తాగండి. ఇంకో మాట. రాగిసంగటి షుగరుకు మంచిది కదా అని ఎంతైనా తినవచ్చు అనుకోకండి. రాగుల్లో సున్నం, పీచు మెండు. అది నిజం. పిండిపదార్థమూ మెండే. అదీ నిజం. సంగటి ముద్ద చిన్నది చేసి, అనపగింజల పులుసు, ఆకుకూర ఎక్కువ వేసుకోండి. ముద్ద తగ్గాలి, కూర పెరగాలి.

ఇంట్లోనే కూర్చోవలసి వచ్చినా నడక మానకండి. మిద్దె మీద నడవండి. వాకిట్లో నడవండి. జ్వరం ఉన్న రోజుల్లో మాత్రం విశ్రాంతి. పాదాలను మరవకండి. మన హోసూరు చుట్టూ గులాబీ తోటలు. తోటలో పని చేసే అక్కకు చాలాకాలంగా షుగరు ఉంటే పాదంలో స్పర్శ తగ్గి ఉంటుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. నాలుగు రోజులకు చీము పడుతుంది. దారులు మూసిన రోజుల్లో ఆ చిన్న పుండే కాలు తీసేదాకా తీసుకుపోగలదు. అందుకే రోజూ రాత్రి పాదాలు కడుక్కుని, వేళ్ళ సందులు తుడుచుకుని, అరికాలు చూసుకోండి. వంగలేకపోతే మనవడిని చూడమనండి. చెప్పులు లేకుండా తోటలోకి అడుగు పెట్టకండి.

ఇప్పుడు మూడో మాట. కబురు ఆలస్యం చెయ్యొద్దు.

2021 వేసవిలో రెండో అల వచ్చింది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆ అల వెనకే బ్లాక్ ఫంగస్ వచ్చింది. ఆ మే నెలలో తెలంగాణ, తమిళనాడు లాంటి రాష్ట్రాలు ఆ రోగం ఎక్కడ కనిపించినా ప్రభుత్వానికి తెలపాలని ఆదేశించాయి. అది ఎవరిని ఎక్కువగా పట్టుకుంది? షుగరు అదుపు తప్పినవాళ్ళను. అందులోనూ స్టెరాయిడ్ మందులు వాడినవాళ్ళను.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, ఆక్సిజన్ అవసరమైన కరోనా రోగుల ప్రాణాలు కాపాడుతుందని 2020 జూన్‌లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు దానివల్ల మేలు లేదనీ అదే పరిశోధన చెప్పింది. కానీ భయంలో ఉన్న మనుషులు మందుల అంగట్లో తామే కొనుక్కుని మింగారు. స్టెరాయిడ్ చక్కెరను ఎగదోస్తుంది. ముఖ్యంగా మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు. పరగడుపున చూసుకుంటే మామూలుగానే కనిపించవచ్చు. అందుకే డాక్టరు స్టెరాయిడ్ ఇస్తే, అయ్యా నాకు షుగరు ఉంది అని ఆ క్షణమే చెప్పండి. మధ్యాహ్నం, సాయంత్రం కూడా షుగరు చూసుకోండి. చీటీ లేకుండా స్టెరాయిడ్ కొనకండి. ఉబ్బసానికో, కీళ్ళనొప్పులకో చాలాకాలంగా వాడుతున్నవాళ్ళు మీరే ఉన్నపళంగా ఆపెయ్యకండి.

కబురు ఎప్పుడు పెట్టాలి? వినండి. షుగరు 250 దాటి దిగకుండా ఉంటే. వాంతులు ఆగకపోతే. నీళ్ళు కూడా కడుపులో నిలవకపోతే. ఊపిరి ఆయాసంగా ఉంటే. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషనులో 94 కంటే తగ్గితే. మనిషి మగతగా, తికమకగా ఉంటే. జ్వరం తగ్గాక ముఖం ఒక పక్క నొప్పి, మొద్దుబారడం, ముక్కులోంచి నల్లని స్రావం, ఒకటి రెండుగా కనిపించడం, పళ్ళు కదలడం ఉంటే. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారనివ్వకండి. పొద్దున చూద్దాంలే అనకండి. ఆయాసం, మగత ఉంటే ఫోనులో సలహాలు అడుగుతూ కూర్చోకండి. 108 పిలవండి.

అంత అత్యవసరం కానప్పుడు ఫోను వైద్యం ఉంది. లాక్‌డౌన్ మొదలైన రోజునే, 2020 మార్చి 25న, ఫోను ద్వారా వైద్యం చేయడానికి కేంద్రం నియమాలు ప్రకటించింది. ఇ-సంజీవని అనే ప్రభుత్వ సేవ ద్వారా ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడవచ్చు. బెంగళూరు దారి మూసుకుపోయినా మాట దారి మూసుకుపోదు. 2022 జనవరిలో మన కృష్ణగిరిలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయింది. అంటే ప్రతి పెద్ద అవసరానికీ ఎల్ల దాటవలసిన పని కొంత తగ్గింది. మీరు బెంగళూరులో చూపించుకుంటున్నా, మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో కూడా మీ పేరు, మీ మందుల వివరం ఉంచండి. ఒక దారి మూతపడితే ఇంకో దారి తెరిచి ఉండాలి.

టీకాల సంగతి ఒక్క మాట. 2021 మార్చి 1న పెద్దవాళ్ళకు కరోనా టీకా మొదలుపెట్టినప్పుడు, నలభై ఐదేళ్ళు దాటి షుగరు లాంటి జబ్బులు ముదిరినవాళ్ళను కూడా మొదటి వరుసలోనే నిలబెట్టారు. ఎందుకంటే వాళ్ళకే దాని అవసరం ఎక్కువ. ఏటా వేసే ఫ్లూ టీకా, అలాగే నిమోనియా టీకా మీకు అవసరమా అని డాక్టరును అడగండి.

చివరగా ఇంట్లోవాళ్ళకు ఒక మనవి. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం, మన దేశంలో షుగరు ఉన్నవాళ్ళు పది కోట్లకు పైనే. అంటే ఇది ఎవరో ఒకరి తప్పువల్ల వచ్చిన రోగం కాదు. నువ్వు తీపి తిన్నావు, అందుకే ఇలా అయింది అని జ్వరంలో ఉన్న మనిషిని గద్దించకండి. గద్దిస్తే అంకె దాస్తారు. అంకె దాస్తే ఆపద దాక్కుంటుంది. అమ్మా, ఈ పూట ఎంత ఉంది అని మెత్తగా అడగండి. ఎంత చెప్పినా కోప్పడకండి. ఆ అంకె మీకు తెలియడమే ముఖ్యం.

ఈ రాత్రి పడుకునే ముందు మూడు పనులు చెయ్యండి. మాత్రలు ఎన్ని రోజులకు ఉన్నాయో లెక్కపెట్టండి. మందుల వివరం అట్ట మీద రాసి గోడకు తగిలించండి. ఆరోగ్య కార్యకర్త నంబరు, డాక్టరు నంబరు, 108 అదే అట్ట మీద రాయండి. పది నిమిషాల పని ఇది. రేపు ఏ రోగం వచ్చినా, ఏ దారి మూసుకున్నా, మీ ఇంట్లోని షుగరు మనిషికి ఈ పది నిమిషాలు అండగా నిలుస్తాయి.

మూడు మాటలూ మరోసారి. మందు ఆపొద్దు. కొలత మానొద్దు. కబురు ఆలస్యం చెయ్యొద్దు. ఈ ప్రసంగం విననివాళ్ళు మీ వీధిలో ఉంటే వాళ్ళకూ చెప్పండి. అందరూ చల్లగా ఉండండి.